దారి తలలో పెట్టుకోవడం ఎలా: దిక్కు తెలుసుకోవడం నుంచి తప్పిపోతే బయటపడటం దాకా

"నాకు దారులు అస్సలు గుర్తుండవండీ" అని చాలామంది అదేదో పుట్టుకతో వచ్చిన గుణం అన్నట్టు చెప్పేస్తుంటారు. కొంచెం గుచ్చి అడిగితే మాత్రం ఆ దారి వెనక సీట్లో కూర్చుని వెళ్లిందో, ఫోన్ చెప్తుంటే తిరిగిందో, ఇంకొకరి పక్కన కబుర్లు చెప్పుకుంటూ నడిచిందో అయ్యుంటుంది. అంటే ఏ మలుపు దగ్గరా ఎటు తిరగాలో వాళ్లు ఒక్కసారి కూడా సొంతంగా తేల్చుకోలేదన్నమాట. నా లెక్కలో అసలు విషయం ఇదే, ఎటు తిరగాలో ఎవరు డిసైడ్ చేస్తారో దారి వాళ్లకే గుర్తుంటుంది. కింద చెప్పేవన్నీ ఆ డిసైడ్ చేసే పనిని తేలిక చేసే పద్ధతులే.

ముందు, తలలో ఏం జరుగుతుందో కొంచెం

ఇది చదవకుండా స్టెప్స్‌కి దూకినా పర్లేదు కానీ చదివితే స్టెప్స్ ఎందుకలా ఉన్నాయో అర్థమవుతుంది.

జంతువులు దారిని మలుపుల లిస్టులా బట్టీ పట్టవని, తలలో మ్యాప్ లాంటిదేదో కట్టుకుంటాయని 1948లో ఎడ్వర్డ్ టోల్మన్ అనే సైకాలజిస్టు ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చూపించి వాదించాడు. అప్పట్లో అది వాదనే, తలలో ఎక్కడుందో చూపించే దారి లేదు. 1971లో జాన్ ఓకీఫ్, తన సహచరుడితో కలిసి, ఎలుక మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలో కొన్ని కణాలు ఎలుక ఒక ఫలానా చోట ఉన్నప్పుడే చురుగ్గా పనిచేస్తాయని కనిపెట్టాడు, వాటినే ప్లేస్ సెల్స్ అంటారు. తర్వాత తల ఎటు తిరిగి ఉందో దాన్ని బట్టి పనిచేసే కణాలు దొరికాయి, 2005లో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ టీమ్‌కి పక్కనే ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్‌లో గ్రిడ్ సెల్స్ దొరికాయి, ఇవి నేలంతా ఆరు మూలల గళ్లలా పరుచుకున్న పాయింట్ల దగ్గర పనిచేస్తాయి. ఈ ముగ్గురికీ 2014లో వైద్యంలో నోబెల్ వచ్చింది. మొత్తం మీద మనకి కావాల్సింది ఏంటంటే "నేను ఎక్కడున్నా", "ఎటు చూస్తున్నా", "ఎంత దూరం కదిలా" అనే మూడు లెక్కలు మెదడు వేరువేరుగా వేస్తుంది, వీటిలో ఏ ఒక్కటి తేడా కొట్టినా మనం తప్పిపోతాం. ఎక్కువగా తేడా కొట్టేది రెండోది, దిక్కు. అందుకే దానికి ఒక స్టెప్ మొత్తం కేటాయించా.

ఇంకో ముచ్చట, ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. లండన్‌లో బ్లాక్ క్యాబ్ (అక్కడి నల్ల టాక్సీ) లైసెన్స్ కావాలంటే ఊరి మధ్యలో ఉన్న చేరింగ్ క్రాస్ అనే కూడలి చుట్టూ ఆరు మైళ్ల లోపల ఉన్న దాదాపు 25,000 వీధులు తెలిసుండాలి, ఆ పరీక్షకి ప్రిపేర్ అవ్వడానికే మామూలుగా మూడు నాలుగేళ్లు పడుతుంది. ఎలినార్ మగ్వైర్ అనే మెదడు పరిశోధకురాలి టీమ్ 2000లో ఈ డ్రైవర్లని స్కాన్ చేస్తే హిప్పోక్యాంపస్ వెనక భాగం మామూలు వాళ్లకంటే పెద్దగా కనపడింది. సరే, రోజంతా రోడ్ల మీద తిరుగుతారు కాబట్టి అలా ఉందేమో అనుకోవచ్చు కదా, అందుకే 2006లో అదే ఊళ్లో బస్సు డ్రైవర్లతో పోల్చి చూశారు, వాళ్లూ అదే ట్రాఫిక్‌లో అన్నేళ్లే నడిపినవాళ్లు, కానీ రోజూ ఒకే రూట్. ఆ పెరుగుదల టాక్సీ వాళ్లలోనే కనపడింది, బస్సు వాళ్లలో లేదు. తిరగడం ఒక్కటే చాలదు, దారి ఎంచుకుంటూ తిరగాలి.

స్టెప్ 1: బయల్దేరే ముందు రెండు నిమిషాలు మ్యాప్‌ని పైనుంచి చూడండి

అడ్రస్ కొట్టి స్టార్ట్ నొక్కేయకుండా ముందు జూమ్ అవుట్ చేయండి. వీధుల పేర్లు అవసరం లేదు. చూడాల్సినవి: మీరున్న చోటు నుంచి వెళ్లాల్సిన చోటు ఏ దిక్కులో ఉంది, మధ్యలో దాటాల్సినవి ఏంటి (రైలు పట్టాలు, నది, హైవే), ఎటు పక్కకి తప్పిపోయినా చివరికి తగిలే పెద్ద గీత ఏది.

ఈ చివరిది చాలా ముఖ్యం. "ఉత్తరం వైపు ఎంత ఎక్కువ వెళ్లిపోయినా రైలు పట్టాలు తగుల్తాయి, అవి కనపడితే నేను దాటొచ్చేసినట్టు" అని ముందే అనుకుంటే సగం భయం అక్కడే పోతుంది. 1960లో కెవిన్ లించ్ అనే ప్లానర్ అమెరికాలో బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ జనాలని మీ ఊరు గీయండి, దారి చెప్పండి అని అడిగి చూస్తే వాళ్ల తలల్లో ఊరు ఐదు రకాల ముక్కలుగా ఉందని తేల్చాడు: దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, కొండగుర్తులు. కొత్త ఊరికి వెళ్తే మ్యాప్‌లో ఈ ఐదూ వెతుక్కోండి, అన్నీ కాకపోయినా ఒక పొడవాటి దారి, ఒక అంచు, ఒక దూరం నుంచి కనపడే గుర్తు దొరికితే చాలు, మిగతావి నడుస్తుంటే వాటంతటవే అతుక్కుంటాయి.

స్టెప్ 2: దిక్కు తేల్చుకోండి

పగలు అయితే సూర్యుడు. అందరికీ తెలిసిందే కానీ చిన్న మెలిక ఉంది, సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదిలో మార్చి 20 చుట్టుపక్కల, సెప్టెంబర్ 22 చుట్టుపక్కల మాత్రమే. జూన్‌లో ఉత్తరానికి జరిగి, డిసెంబర్‌లో దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు. ఊళ్లో దారి వెతుక్కోడానికి ఈ తేడా పెద్ద ఇబ్బంది కాదు, అడవిలో అయితే ఆలోచించాలి.

మధ్యాహ్నం నడినెత్తిన ఉన్నప్పుడు ఏం తెలీదు. అప్పుడు ఒక కర్ర నిటారుగా పాతి నీడ చివర ఒక రాయి పెట్టండి, పదిహేను ఇరవై నిమిషాలాగి మళ్లీ నీడ చివర ఇంకో రాయి పెట్టండి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు, ఈ రెండూ కలిపే గీతే పడమర తూర్పు గీత. కొంచెం అటూ ఇటూగా వస్తుంది గానీ పని జరుగుతుంది. చేతి గడియారం ముల్లుతో దక్షిణం కనిపెట్టే ట్రిక్ ఒకటి బాగా తిరుగుతుంటుంది, భూమధ్యరేఖకి దగ్గరగా ఉండే ప్రాంతాల్లో దాన్ని నమ్ముకోకండి, సూర్యుడు అంత ఎత్తున ఉన్నప్పుడు తప్పు చాలా ఎక్కువ వస్తుంది. చెట్టుకి నాచు ఉత్తరం వైపే పడుతుంది అన్నది కూడా అంతే, నాచుకి కావాల్సింది తేమ, అది ఎటైనా ఉండొచ్చు.

రాత్రి అయితే, ఉత్తరార్ధగోళంలో గరిటెలా కనపడే సప్తర్షి మండలంలో, పిడికి దూరంగా గిన్నె చివర ఉండే రెండు నక్షత్రాలని గిన్నె అడుగు నుంచి అంచు వైపు కలిపి, వాటి మధ్య దూరానికి ఐదు రెట్లు ముందుకు వెళ్తే ధ్రువ నక్షత్రం. అది ఆకాశంలో అన్నిటికంటే బాగా మెరిసేదని చాలామంది అనుకుంటారు, కాదు, ఓ మాదిరిగా ఉంటుంది, దాని గొప్పంతా కదలకుండా ఉండటమే. ఇది ఎంత ఎత్తులో కనిపిస్తే మీ అక్షాంశం దాదాపు అంత, అంటే 17 డిగ్రీల అక్షాంశంలో ఉన్నవాళ్లకి చాలా కిందగా కనపడుతుంది, ఎదురుగా బిల్డింగ్ ఉంటే ఇక లేదనుకోండి. సగం చంద్రుడు ఉంటే ఇంకా ఈజీ: పెరిగే చంద్రుడికి వెలుగున్న పక్క పడమర వైపు, తరిగే చంద్రుడికి తూర్పు వైపు.

ఊళ్లో ఇంకో చిట్కా, టీవీ డిష్‌లు. ఒకే కంపెనీ డిష్‌లు ఆ చుట్టుపక్కలంతా ఒకే దిక్కు చూస్తుంటాయి, ఎందుకంటే అన్నీ చూసేది ఒకే శాటిలైట్‌ని. ఒక్కసారి ఫోన్ కంపాస్‌తో అది ఎటో చూసి పెట్టుకుంటే తర్వాత ప్రతి డాబా మీదా మీకో కంపాస్ ఉన్నట్టే. ఫోన్ కంపాస్ సంగతి కూడా చెప్పాలి, అది ఇనుము దగ్గర, కారు లోపల తిక్కగా చూపిస్తుంది, ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకెలా తిప్పి మళ్లీ చూడండి.

దిక్కు పట్టుకోవడం టాలెంట్ కాదు, అలవాటు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఉత్తరాన గూగూ యిమితిర్ మాట్లాడేవాళ్లు కుడి ఎడమలకి బదులు ఉత్తరం దక్షిణం లాంటి దిక్కులతోనే మాట్లాడతారు, పక్కనున్న వస్తువు చూపించాలన్నా దిక్కే చెప్పాలి, కాబట్టి వాళ్లకి ఎప్పుడూ తెలిసుండాల్సిందే. మీరూ ఇంట్లో ఒక వారం "ఉత్తరం పక్కన ఉన్న కుర్చీ", "తూర్పు కిటికీ మూసెయ్" అని మాట్లాడి చూడండి, ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు, అది వేరే విషయం.

స్టెప్ 3: వెళ్తున్నప్పుడు గుర్తులు పెట్టుకోండి, కానీ మలుపుల దగ్గరే

చాలామంది చేసేదేంటంటే అందంగా కనపడ్డదల్లా గుర్తుపెట్టుకుంటారు, మలుపు దగ్గర ఏముందో మాత్రం చూడరు. తిన్నగా వెళ్లే చోట గుర్తులతో పెద్దగా పని లేదు, తిరిగే చోటే కావాలి. గుర్తు ఎలా ఉండాలంటే రేపు కూడా అక్కడే ఉండేది (ఆగి ఉన్న లారీ, అమ్మకానికి పెట్టిన బోర్డు కాదు), రాత్రి కూడా కనపడేది, ఆ దారిలో అలాంటిది ఇంకోటి లేనిది. బ్రాంచీలు చాలా ఉండే షాపులు అందుకే పనికిరావు, అదే బోర్డు మూడు చోట్ల కనపడుతుంది.

గుర్తు చూసి ఊరుకోకుండా దాంతో పాటు చేసే పనిని కూడా కలిపి నోటితో అనుకోండి: "నీళ్ల ట్యాంకు దగ్గర ఎడం పక్కకి, ట్యాంకు నాకు కుడివైపు ఉంటుంది." బయటికి అనుకుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు ఈ మొత్తం గైడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటాను అంటే ఇది పెట్టుకోండి: ప్రతి మలుపు తిరిగాక ఆగి వెనక్కి తిరిగి చూడండి. దారి వెళ్లేటప్పుడు ఒకలా, వచ్చేటప్పుడు ఇంకోలా కనపడుతుంది, మీరు చూసిన బోర్డులన్నీ వచ్చేటప్పుడు వెనక పక్క చూపిస్తాయి, మూడు రోడ్లు కలిసే చోటు ఇటునుంచి చూస్తే ఒకే రోడ్డు, అటునుంచి చూస్తే రెండుగా చీలుతుంది. తిరుగు దారిలో జనం తప్పిపోవడానికి సగం కారణం ఇదే. ఒక్క రెండు సెకన్లు వెనక్కి చూస్తే "వచ్చేటప్పుడు ఇక్కడ ఎటు" అన్న ప్రశ్నకి జవాబు ముందే దొరుకుతుంది. అడవుల్లో, కొండల్లో నడిచేవాళ్లు ఇది అలవాటుగా చేస్తారు, పార్కింగ్‌లో బండి పెట్టి లోపలికి పోయేటప్పుడు మనమూ చేయాలి.

స్టెప్ 4: దారిని మ్యాప్‌గా మార్చండి

ఒక దారి వచ్చిందంటే ఒక లిస్టు వచ్చిందని అర్థం, మధ్యలో ఒక రోడ్డు తవ్వి మూసేస్తే లిస్టు మొత్తం పోతుంది. మ్యాప్ ఉంటే పక్క నుంచి వెళ్లొచ్చు. లిస్టుని మ్యాప్ చేసే పనులు మూడు.

ఒకటి, వచ్చేటప్పుడు వేరే దారిలో రండి, టైమ్ ఉన్నప్పుడు. రెండు, వెళ్తూ వెళ్తూ మధ్యలో ఆగి "ఇల్లు ఇప్పుడు ఎటుంది?" అని వేలు పెట్టి చూపించి, తర్వాత ఫోన్ తీసి చెక్ చేయండి. ముందు గెస్, తర్వాత చెక్, ఈ వరస తప్పితే ఉపయోగం లేదు. మొదట్లో ఘోరంగా తప్పుతారు, కొన్నాళ్లకి తేడా తగ్గడం మీకే తెలుస్తుంది. మూడు, ఇంటికొచ్చాక తెల్ల కాయితం మీద చూడకుండా గీయండి.

గీసినప్పుడు మీ తప్పులు ఎలా ఉంటాయో ముందే చెప్తా, ఎందుకంటే దాదాపు అందరివీ అవే. వంపులు తిన్నగా అయిపోతాయి: స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే సైకాలజిస్టు పారిస్ వాళ్లని వాళ్ల ఊరు గీయమంటే సీన్ నదికి ఉన్నంత వంపు గీయలేదు చాలామంది, పుట్టి పెరిగినవాళ్లు కూడా. మలుపులన్నీ తొంభై డిగ్రీలు అయిపోతాయి, అసలు అక్కడ రోడ్లు ఏటవాలుగా కలిసినా సరే. మలుపులు ఎక్కువున్న దారి అసలు దూరం కంటే ఎక్కువ దూరంలా అనిపిస్తుంది. ఇంకా, పెద్ద వాటిని బట్టి చిన్నవాటి చోటు ఊహించేస్తాం. అమెరికాలో నెవాడా రాష్ట్రం కాలిఫోర్నియాకి తూర్పున ఉంది కాబట్టి నెవాడాలోని రీనో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోకి తూర్పునే ఉంటుందని దాదాపు అందరూ అంటారు, నిజానికి రీనో ఇంకా పడమర. పనామా కాలువ ఇంకా తమాషా, అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌లోకి పోయే ఓడ మొత్తమ్మీద ఆగ్నేయం వైపు జరుగుతుంది, అట్లాంటిక్ వైపు ద్వారమే ఎక్కువ పడమరన ఉంది. కాబట్టి కాస్త వంపు తిరిగే పొడవాటి రోడ్డుని ఎప్పుడూ అనుమానంగా చూడండి, మీకు తెలీకుండానే దిక్కు మార్చేది అదే. తిన్నగానే వచ్చాను కదా అనుకుంటారు, ఉత్తరం కాస్తా తూర్పు అయ్యుంటుంది.

స్టెప్ 5: ఫోన్ ఉండనివ్వండి, పని మాత్రం మార్చండి

జీపీఎస్ పారేయండి అని నేను చెప్పను, కొత్త చోట అర్ధరాత్రి దాని విలువ దానిదే. సమస్య వాడటంలో లేదు, మలుపు నిర్ణయం దానికి వదిలేయడంలో ఉంది. 2017లో లండన్‌లోని సోహో వీధుల మీద ఒక స్టడీ వచ్చింది, సొంతంగా దారి వెతుక్కుంటున్నప్పుడు కొత్త వీధిలోకి అడుగుపెట్టగానే హిప్పోక్యాంపస్‌లో పని పెరిగింది, అదే శాట్‌నావ్ (దారి చెప్పే జీపీఎస్) చెప్తుంటే తిరిగినప్పుడు అలాంటి పెరుగుదల కనపడలేదు.

సెట్టింగ్స్‌లో ఉత్తరం ఎప్పుడూ పైకి ఉండేలా పెట్టుకోండి. ఫోన్‌తో పాటు మ్యాప్ తిరిగిపోతుంటే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది, కానీ ప్రతిసారీ ఊరు కొత్త ఆకారంలో కనపడుతుంది కాబట్టి తలలో ఏదీ నిలవదు. (బండి నడుపుతూ తికమక పడుతుంటే మాత్రం తిరిగే మ్యాపే పెట్టుకోండి, సేఫ్టీ ముందు.) తెలిసిన ఏరియాలో వాయిస్ ఆపేసి, ప్రతి కూడలి ముందు మీ నిర్ణయం మీరు తీసుకుని, స్క్రీన్ చూడ్డం అది కరెక్టో కాదో తెలుసుకోడానికే. బిల్డింగుల మధ్య నీలం చుక్క పక్క వీధిలో చూపించడం మామూలే, శాటిలైట్ సిగ్నల్ గోడలకి తగిలి వస్తుంది కాబట్టి, అందుకే చుక్కని కాదు, ఎదురుగా ఉన్న వీధి బోర్డుని నమ్మండి.

స్టెప్ 6: బిల్డింగుల లోపల

పెద్ద ఆసుపత్రి, మాల్, అండర్‌గ్రౌండ్ స్టేషన్, ఇవి బయటికంటే కష్టం, సూర్యుడు లేడు, దూరంగా కనపడే గుర్తు లేదు, కారిడార్లన్నీ ఒకేలా ఉంటాయి. లోపలికి వెళ్తూనే ఒక గోడని "రోడ్డు వైపు" అని ఫిక్స్ అవ్వండి, లోపలున్నంతసేపూ అది ఎటుందో వదలకండి. లిఫ్ట్ దగ్గర జాగ్రత్త, ఎక్కినప్పుడు లోపలికి నడిచి వెనక్కి తిరుగుతాం, కొన్నిటికి తలుపు రెండో పక్క తెరుచుకుంటుంది, బయటికొచ్చేసరికి దిక్కు పోతుంది. వీలైతే మొదటిసారి మెట్లెక్కండి.

గోడ మీద పెట్టిన "మీరిక్కడ ఉన్నారు" మ్యాపులు చాలాచోట్ల తప్పు దిక్కులో తగిలిస్తారు, అంటే మ్యాప్‌లో పైనున్నది మీ ఎదురుగా ఉండదు, ఇది నిజంగా చిరాకు తెప్పించే విషయం. అలాంటప్పుడు దాన్ని ఫోటో తీసుకుని ఫోన్‌ని చేతిలో తిప్పండి, మ్యాప్‌లో ముందున్నది మీకు ముందు వచ్చేదాకా. పైసా ఖర్చు లేని పని.

స్టెప్ 7: తప్పిపోయారు, ఇప్పుడేంటి

ఆగండి. ఇంకాస్త ముందుకెళ్తే తెలిసిపోతుంది అనే ఆలోచనే మనల్ని ఎక్కువ దూరం లాక్కుపోతుంది. చివరిసారి "ఇక్కడున్నా" అని గట్టిగా చెప్పగలిగిన చోటు ఏదో గుర్తుచేసుకోండి, అక్కడిదాకా దారి తెలిస్తే వెనక్కి వెళ్లిపోండి, సిగ్గు ఏం లేదు. తెలీకపోతే స్టెప్ 1లో చూసిన పెద్ద గీత వైపు వెళ్లండి.

గుర్తులేమీ లేని చోట తిన్నగా నడవగలను అని మాత్రం అనుకోకండి. 2009లో యాన్ సౌమాన్ అనే పరిశోధకుడి టీమ్ మనుషుల్ని జర్మనీలో ఒక అడవిలో, సహారా ఎడారిలో నడిపించి జీపీఎస్‌తో చూసింది. సూర్యుడు కనపడితే తిన్నగానే నడిచారు, మబ్బు పట్టిన రోజు అడవిలో గుండ్రంగా తిరిగి, వాళ్లు వచ్చిన దారినే వాళ్లకి తెలీకుండా మళ్లీ దాటారు. కళ్లకి గంతలు కడితే కొందరు ఇరవై మీటర్ల వెడల్పు కూడా లేని సున్నాలు చుట్టారు. ఒక కాలు పొట్టి కాబట్టి ఇలా అవుతుందనే పాత వివరణ ఈ ఫలితాలతో కుదరలేదు, ఎందుకంటే ఒకే మనిషి ఒకసారి ఎడమకి, ఇంకోసారి కుడికి తిరిగాడు. చిన్న చిన్న తప్పులు పేరుకుని, తిన్నగా అంటే ఎటు అనే భావనే జరిగిపోతుందని వాళ్ల అభిప్రాయం. అందుకని తప్పనిసరిగా నడవాల్సొస్తే దూరంగా ఒక చెట్టు ఎంచుకుని దాని దాకా వెళ్లి, అక్కడ అదే వరసలో ఇంకోటి ఎంచుకుంటూ వెళ్లాలి.

అడవిలో చీకటి పడుతుంటే, మీరెక్కడికి వెళ్లారో ఎవరికైనా తెలిసుంటే, కదలకండి. వెతికేవాళ్లకి ఒకచోట ఉన్న మనిషి దొరికినంత తేలిగ్గా తిరిగే మనిషి దొరకడు. ఫోన్‌లో ఛార్జింగ్ మిగుల్చుకోండి, 112 చాలా దేశాల్లో పనిచేస్తుంది. విజిల్ ఉంటే మూడు మూడు సార్లుగా ఊదండి.

కొంతమందికి నిజంగానే కష్టం

ఇదంతా చదివి అలవాటు చేసుకుంటే అందరికీ వచ్చేస్తుంది అనుకోవద్దు. మిగతా అన్నీ బాగానే ఉండి, చిన్నప్పట్నుంచీ రోజూ తిరిగే చోట్లలో కూడా తప్పిపోయేవాళ్లు ఉన్నారు, దీన్ని డెవలప్‌మెంటల్ టోపోగ్రాఫికల్ డిసోరియెంటేషన్ అంటారు, పరిశోధకులు దీన్ని 2009 నుంచి రికార్డు చేస్తున్నారు. వాళ్లని "ఇంత చిన్న విషయం" అని ఎగతాళి చేయొద్దు, మలుపుల లిస్టు రాసుకుని తిరగడం వాళ్లకి పనికొచ్చే పద్ధతి. ఇక పెద్దవాళ్లు ఎవరైనా ఇన్నేళ్లూ తెలిసిన దారిలో ఉన్నట్టుండి తికమకపడటం మొదలెడితే వయసు అని వదిలేయకండి, అల్జీమర్స్‌లో ముందుగా దెబ్బతినే భాగాల్లో ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి, డాక్టర్‌కి చూపించాలి. పిల్లల విషయానికొస్తే సింపుల్, తెలిసిన దారిలో వాళ్లని ముందు నడవనివ్వండి, తప్పు మలుపు తిరిగినా ఒక నిమిషం ఊరుకోండి.

ఇంకొకరికి దారి చెప్పేటప్పుడు

వాళ్లు ఎటు మొహం పెట్టి ఉన్నారో ముందు అడగండి, లేకపోతే మీ కుడి వాళ్ల ఎడమ అవుతుంది. మలుపులు మూడు నాలుగు దాటితే ఫోన్లో చెప్పడం దండగ, మెసేజ్ పెట్టండి. ప్రతి మలుపుకీ ఒక గుర్తు, ఎటు తిరగాలి, తిరిగాక ఏం కనపడాలి, ఈ మూడూ ఉండాలి. అన్నిటికంటే చాలామంది మర్చిపోయేది ఆఖరి గుర్తు: "పెట్రోల్ బంక్ కనపడిందంటే దాటొచ్చేసినట్టే, అక్కడే యూటర్న్ తీసుకోండి" అని ఒక్క లైన్ చేరిస్తే వాళ్లు ఇంకో రెండు కిలోమీటర్లు పోయి మీకు ఫోన్ చేయరు.